0.406, 56: విలియమ్స్, డిమాజియోలలో ఎవరు గొప్ప?

1941లో అమెరికన్ బేస్‌బాల్ ఒకే సీజన్‌లో రెండు అసాధారణమైన ఘనతలను చూసింది. న్యూయార్క్ యాంకీస్ సెంటర్ ఫీల్డర్ జో డిమాజియో మే 15 నుంచి జులై 16 వరకు వరుసగా 56 మ్యాచుల్లో, ఒక్కటీ తప్పకుండా, కనీసం ఒక హిట్ కొట్టాడు. బాస్టన్ రెడ్ సాక్స్ లెఫ్ట్ ఫీల్డర్ టెడ్ విలియమ్స్ 0.406 సగటుతో సీజన్‌ను ముగించాడు. 80 ఏళ్లు దాటినా అమెరికన్ లీగ్‌లో గానీ నేషనల్ లీగ్‌లో గానీ ఈ రెండింటిలో దేనినీ ఎవరూ అందుకోలేదు. 1978లో పీట్ రోజ్ 44 మ్యాచుల దగ్గర ఆగిపోయాడు. 1994లో టోనీ గ్విన్, సమ్మె వల్ల మధ్యలోనే ముగిసిన సీజన్‌లో, 0.394 దగ్గర నిలిచిపోయాడు. అయితే ఆ ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చే ఎంవీపీ పురస్కారం ఒక్కటే ఉంది. పత్రికా రచయితల ఓట్లలో డిమాజియోకు 291 పాయింట్లు, విలియమ్స్‌కు 254 పాయింట్లు వచ్చాయి.

ఆ తీర్పు సరైనదేనా అన్న వాదన ఇప్పటికీ తెగలేదు. తెగకపోవడానికి కారణం ఇద్దరూ సమానులు కావడం కాదని నా నమ్మకం. "ఎవరు గొప్ప?" అన్న ఒక్క ప్రశ్న కింద నాలుగైదు వేర్వేరు ప్రశ్నలు దాగి ఉన్నాయి. ఎవరు ఎక్కువ పరుగులకు కారణమయ్యారు, ఎవరి జట్టు గెలిచింది, ఎవరు ఏ మైదానంలో ఆడారు, ఎవరు ఎంతకాలం ఆడగలిగారు, బ్యాటింగ్ కాక ఫీల్డింగ్‌లో ఎవరు ఏం చేశారు అన్నవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, ఒక ప్రశ్నకు చెప్పిన జవాబు మరో ప్రశ్నకు జవాబుగా చలామణీ అవుతోంది. నా తీర్పు విలియమ్స్ వైపే మొగ్గుతుంది. కానీ డిమాజియో పక్షాన ఉన్న వాదనలు అభిమానుల వ్యామోహం మాత్రమే కావు. వాటిలో కొన్ని గట్టిగా నిలబడేవే కాబట్టి, వాటిని ఒక్కొక్కటిగా తూచి చూడవలసి ఉంది.

ముందుగా లెక్కల సంగతి. క్రికెట్‌లో సగటు అంటే ఔటైన ఒక్కోసారికి చేసిన పరుగులు. బేస్‌బాల్‌లో సగటు అంటే లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ ప్రయత్నాల్లో ఎన్ని హిట్లు అయ్యాయన్న నిష్పత్తి. బంతిని కొట్టి, ఫీల్డర్ పొరపాటు వల్ల కాకుండా తన బలంతోనే కనీసం మొదటి బేస్ (పరుగు కోసం వరుసగా చుట్టిరావలసిన నాలుగు మజిలీల్లో మొదటిది) చేరితే అది హిట్. పదిసార్లు ప్రయత్నించి మూడుసార్లు హిట్ కొట్టగలిగినవాడు, అంటే 0.300 సగటు ఉన్నవాడు, మంచి బ్యాటర్ కిందే లెక్క. ఇక పిచర్ వేసిన బంతుల్లో నాలుగు స్ట్రైక్ జోన్‌కు, అంటే బ్యాటర్‌కు అందేలా బంతి రావలసిన పరిధికి, బయట పడి, బ్యాటర్ వాటి జోలికి వెళ్లకుండా ఉంటే అతనికి మొదటి బేస్ ఉచితంగా దక్కుతుంది. దీన్ని వాక్ అంటారు. సగటు లెక్కలో వాక్‌కు చోటే లేదు. అది హిట్ కిందా రాదు, విఫలమైన ప్రయత్నం కిందా రాదు. ఈ వ్యాసంలోని వాదనలో సగం ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది.

డిమాజియో 1914లో కాలిఫోర్నియాలో పుట్టాడు. సిసిలీ నుంచి వలస వచ్చిన జాలరి కుటుంబం వారిది. పెరిగింది శాన్ ఫ్రాన్సిస్కోలో. యాంకీస్‌కు రాక ముందే, 1933లో, పసిఫిక్ కోస్ట్ లీగ్ అనే దిగువ స్థాయి లీగ్‌లో వరుసగా 61 మ్యాచుల్లో హిట్లు కొట్టిన చరిత్ర అతనిది. యాంకీస్ తరఫున 1936 నుంచి 1951 వరకు 13 సీజన్లు ఆడాడు. మధ్యలో మూడేళ్లు యుద్ధానికి పోయాయి. విలియమ్స్ అతనికంటే దాదాపు నాలుగేళ్లు చిన్నవాడు, శాన్ డియెగోలో పుట్టాడు, 1939 నుంచి 1960 వరకు రెడ్ సాక్స్‌కే ఆడాడు. డిమాజియో కుడిచేతి బ్యాటర్, విలియమ్స్ ఎడమచేతి బ్యాటర్. మైదానాల సంగతి మాట్లాడేటప్పుడు ఈ తేడా ముఖ్యమవుతుంది.

ఇద్దరి నడుమ ఒక కుటుంబ బంధం కూడా ఉంది. డిమాజియో తమ్ముడు డామ్ రెడ్ సాక్స్ సెంటర్ ఫీల్డర్. బాస్టన్‌లోని ఫెన్‌వే పార్క్‌లో లెఫ్ట్ ఫీల్డ్ గోడలోనే స్కోర్‌బోర్డు ఉంటుంది. 1941 వేసవిలో ఆ బోర్డు నడిపే మనిషి న్యూయార్క్ మ్యాచు కబురు అందగానే విలియమ్స్‌కు చెప్పేవాడు. మీ అన్న ఇవాళ కూడా కొట్టాడని విలియమ్స్ పక్కనే ఉన్న డామ్‌కు కేకేసి చెప్పేవాడు. ఆ పరంపరను విలియమ్స్ తన మైదానంలో నిలబడి ప్రతిరోజూ అనుసరించాడన్నమాట.

ఇప్పుడు ఆ పరంపర. 56 మ్యాచుల్లో డిమాజియో 223 ప్రయత్నాల్లో 91 హిట్లు కొట్టాడు. అంటే 0.408 సగటు. అందులో 15 హోమ్ రన్లు (సాధారణంగా కంచె దాటి పడి, బ్యాటర్ అన్ని బేస్‌లూ చుట్టి పరుగు సాధించే హిట్లు) ఉన్నాయి. జులై 17 రాత్రి క్లీవ్‌లాండ్‌లో 67,000 మందికి పైగా ప్రేక్షకుల ఎదుట అది ఆగిపోయింది. మొదటి ఇన్నింగ్స్‌లో డిమాజియో మూడో బేస్ గీత వెంబడి బలంగా కొట్టిన బంతిని అక్కడి ఫీల్డర్ కెన్ కెల్ట్‌నర్ వెనుకచేతి వాటంగా అందుకుని, గీతకు అవతలి నుంచే మైదానం అడ్డంగా విసిరి ఔట్ చేశాడు. కెల్ట్‌నర్ ఆ రోజు మామూలుకంటే వెనక్కి జరిగి నిలబడ్డాడు. వాన తడి ఆరని నేల మీద డిమాజియో పరుగు అందుకోవడంలో లిప్తపాటు ఆలస్యమైంది. నాలుగో ఇన్నింగ్స్‌లో వాక్ దక్కింది. ఏడో ఇన్నింగ్స్‌లో మొదటి ఇన్నింగ్స్ దృశ్యమే అచ్చంగా పునరావృతమైంది, అదే గీత, అదే కెల్ట్‌నర్. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) లూ బౌడ్రో ముందు వంకరగా ఎగిరినా అతను పట్టుకుని డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు ఔట్ అయ్యేలా, చేయించాడు. మరునాటి నుంచి డిమాజియో మళ్లీ వరుసగా 16 మ్యాచుల్లో హిట్లు కొట్టాడు. అడుగు అటో ఇటో పడి ఉంటే ఆ సంఖ్య 73 అయ్యేది.

అదృష్టం పాత్ర ఎంత అన్నది ఇక్కడే తలెత్తే ప్రశ్న. కెల్ట్‌నర్ రూపంలో అడ్డుపడిన అదృష్టమే అంతకుముందు సాయం కూడా చేసింది. జూన్ 17న డిమాజియో కొట్టిన ఒక సాధారణమైన బంతి నేల మీద అనూహ్యంగా ఎగిరి షికాగో షార్ట్‌స్టాప్ లూక్ ఆప్లింగ్ భుజానికి తగిలింది. స్కోరర్ దాన్ని హిట్‌గా రాశాడు. పొరపాటు కింద రాసి ఉంటే పరంపర 29 దగ్గరే ముగిసేది. అయితే అదృష్టం ఉన్నంత మాత్రాన ఘనత చిన్నదైపోదు. 1941లో డిమాజియో మొత్తం సగటు 0.357. మ్యాచుకు నాలుగు ప్రయత్నాలు దొరికితే, అటువంటి బ్యాటర్ ఒక మ్యాచులో కనీసం ఒక హిట్ కొట్టే అవకాశం సుమారు 83 శాతం. వినడానికి పెద్దదిగానే ఉంది. కానీ దాన్ని 56 మ్యాచులకు వరుసగా గుణించుకుంటూ పోతే, అనుకున్న రోజున మొదలుపెట్టి 56 పూర్తి చేసే అవకాశం సుమారు 36,000లో ఒకటికి పడిపోతుంది. ఎంతోమంది గొప్ప బ్యాటర్లు ఎన్నో సీజన్లు ఆడినా ఆ సంఖ్య దరిదాపుల్లోకి ఎవరూ రాలేకపోవడానికి కారణం ఇదే.

ఈ లెక్కను విలియమ్స్‌కు వర్తింపజేస్తే ఆసక్తికరమైన విషయం ఒకటి బయటపడుతుంది. ఆ ఏడాది విలియమ్స్ 143 మ్యాచుల్లో 456 ప్రయత్నాలే చేశాడు, అంటే మ్యాచుకు సుమారు 3.2. డిమాజియోకు 139 మ్యాచుల్లో 541 ప్రయత్నాలు దక్కాయి, అంటే మ్యాచుకు 3.9. విలియమ్స్‌కు ప్రయత్నాలు తగ్గడానికి కారణం 147 వాక్‌లు. కాబట్టి 0.406 సగటు ఉన్న విలియమ్స్ ఒక మ్యాచులో కనీసం ఒక హిట్ కొట్టే అవకాశం 81 శాతం దగ్గర ఉంటే, 0.357 సగటు ఉన్న డిమాజియోకు అది 82 శాతం. సగటులో అంత వెనుకబడినవాడే పరంపర విషయంలో కాస్త ముందున్నాడు. ఆ 56 మ్యాచుల కాలంలో విలియమ్స్ సగటు 0.412, అంటే డిమాజియో సగటుకంటే ఎక్కువే. పరంపర అనేది ఒక ప్రత్యేకమైన నైపుణ్యానికి కొలత. ప్రతిరోజూ బ్యాటు ఝళిపించి, అరుదుగా మాత్రమే స్ట్రైక్ ఔట్ (బంతిని మైదానంలోకి కొట్టలేక మూడు స్ట్రైకులతో ఔట్) అయ్యేవాడికి అది అనుకూలం. 1941 మొత్తంలో డిమాజియో 13 సార్లే స్ట్రైక్ ఔట్ అయ్యాడు, ఆ సీజన్‌లో అతను కొట్టిన హోమ్ రన్లు 30. తన జీవితకాలంలో 361 హోమ్ రన్లు కొట్టి 369 సార్లు మాత్రమే స్ట్రైక్ ఔట్ అయ్యాడు. బలంగా కొట్టేవాళ్లు తరచుగా గురి తప్పుతారన్నది బేస్‌బాల్‌లో సాధారణ సూత్రం. ఆ సూత్రాన్ని అతనంతగా ధిక్కరించినవాళ్లు బహు కొద్దిమంది. పరంపర వెనుక ఉన్న ఈ గుణమే అసలు మెచ్చుకోవలసినదని నాకు అనిపిస్తుంది.

విలియమ్స్ దారి వేరు. మంచి బంతి కోసం ఆగాలి, రాకపోతే బ్యాటు ఊపకూడదు. ఆ తర్వాత రాసిన పుస్తకంలో అతను స్ట్రైక్ జోన్‌ను 77 బంతుల పరిమాణంలో విభజించి, ఏ చోట పడిన బంతిని కొడితే తన సగటు ఎంత ఉంటుందో అంచనా వేసి చూపాడు. నడుము ఎత్తున మధ్యలో పడితే 0.400, దూరంగా కింది మూలలో పడితే 0.230. ఆ మూల బంతికి బ్యాటు ఊపడం పిచర్‌కు బహుమానం ఇవ్వడమేనని అతని సిద్ధాంతం. బేస్‌ల మీద తోటి ఆటగాళ్లు ఎదురుచూస్తున్నప్పుడు కూడా వాక్ తీసుకుంటాడని, స్వార్థపరుడని బాస్టన్ పత్రికలు అతన్ని విమర్శించాయి. ఆ విమర్శ ఎంతవరకు నిలుస్తుందో 1941 అంకెలే చెబుతాయి. హిట్లు, వాక్‌లు, బంతి ఒంటికి తగలడం అన్నీ కలిపి విలియమ్స్ 606 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి 335 సార్లు బేస్ చేరాడు. డిమాజియో 621 సార్లు వచ్చి 273 సార్లు చేరాడు. విలియమ్స్ తన జట్టు ఔట్లలో 271 మాత్రమే ఖర్చు చేస్తే, డిమాజియో 348 ఖర్చు చేశాడు. తేడా 77. ఒక మ్యాచులో జట్టుకు ఉండేవి 27 ఔట్లే కాబట్టి, విలియమ్స్ తన జట్టుకు దాదాపు మూడు మ్యాచులకు సరిపడా ఔట్లను మిగిల్చాడు. అదే సమయంలో 62 సార్లు అదనంగా బేస్ చేరాడు. హోమ్ రన్లలో కూడా 37తో అతనే ముందు. బేస్‌బాల్‌లో గడియారం ఉండదు, జట్టు దగ్గర ఉన్న పెట్టుబడి అంతా ఔట్లే. ఆ పెట్టుబడిని ఇంత పొదుపుగా వాడినవాడిని స్వార్థపరుడనడం అన్యాయం.

0.406 పూర్తయిన తీరు కూడా చెప్పుకోదగినది. సీజన్ చివరి రోజు సెప్టెంబర్ 28న, ఫిలడెల్ఫియాలోని షైబ్ పార్క్‌లో రెండు మ్యాచులు ఆడవలసి ఉండగా, అతని సగటు 448 ప్రయత్నాల్లో 179 హిట్లు, అంటే 0.39955. మూడు దశాంశ స్థానాలకు సవరిస్తే అది 0.400 అవుతుంది. కావాలంటే ఆడకుండా కూర్చోవచ్చని మేనేజర్ జో క్రోనిన్ అవకాశం ఇచ్చాడు. విలియమ్స్ రెండు మ్యాచులూ ఆడాడు. మొదటిదానిలో ఐదింటికి నాలుగు హిట్లు, అందులో ఒక హోమ్ రన్. రెండోదానిలో మూడింటికి రెండు, అందులో ఒకటి రైట్ ఫీల్డ్‌లోని లౌడ్‌స్పీకర్‌కు తగిలిన డబుల్, అంటే రెండో బేస్ దాకా చేర్చిన హిట్. మొత్తం 456కు 185. పైగా, లోతుగా కొట్టిన క్యాచ్‌తో మూడో బేస్ నుంచి పరుగు సాధించిపెడితే ఆ ప్రయత్నాన్ని సగటులో లెక్కించకపోవడం నేటి నియమం. 1941లో ఆ నియమం అమలులో లేదు. ఉండి ఉంటే సగటు ఇంకా పెరిగేది.

ఇన్ని అంకెలు విలియమ్స్ వైపు ఉన్నప్పుడు ఓట్లు డిమాజియోకు ఎందుకు పడ్డాయి? యాంకీస్ 101 మ్యాచులు గెలిచి లీగ్ విజేత కావడం, రెడ్ సాక్స్ 17 మ్యాచుల వెనుక రెండో స్థానంలో ఉండటం ప్రధాన కారణం. పరంపర నడిచిన రెండు నెలల్లోనే యాంకీస్ పైకి ఎగబాకారు. దేశమంతా ప్రతి ఉదయం పత్రికలో అతని పేరు వెతికింది. సగటు ఒక్క రోజులో కంటికి కనిపించే విషయం కాదు, పరంపర రోజూ కనిపిస్తుంది. 1941 తీర్పును నేను పొరపాటే అంటాను గానీ అర్థం చేసుకోగలిగిన పొరపాటు అంటాను. సెంటర్ ఫీల్డ్‌లో అతని విలువను కూడా కలిపితే ఆ ఏడాది ఇద్దరి మధ్య దూరం పెద్దది కాదు.

1947 తీర్పును మాత్రం అలా సమర్థించడం కష్టం. ఆ ఏడాది విలియమ్స్ 0.343 సగటు, 32 హోమ్ రన్లు, సాధించిపెట్టిన పరుగులు 114. మూడింటిలోనూ లీగ్‌లో మొదటి స్థానం, అంటే ట్రిపుల్ క్రౌన్. డిమాజియో 0.315, 20, 97. ఎంవీపీ డిమాజియోకే దక్కింది, 202కు 201, ఒకే ఒక్క పాయింటు తేడాతో. 1942లోనూ విలియమ్స్ ట్రిపుల్ క్రౌన్ సాధించాడు. అప్పుడు కూడా పురస్కారం మరో యాంకీస్ ఆటగాడు జో గోర్డన్‌కు వెళ్లింది. పత్రికా రచయితలతో విలియమ్స్ సంబంధాలు చెడిపోయి ఉండేవి. ప్రేక్షకుల హేళనకు బదులుగా టోపీ తీసి అభివాదం చేయడం మానేసిన మనిషి అతను. డిమాజియో మితభాషి, హుందా గల మనిషి, న్యూయార్క్ పత్రికలకు ప్రీతిపాత్రుడు. ఓట్లు వేసేది పత్రికల వాళ్లే. మూడు ఎంవీపీలు డిమాజియోకు, రెండు విలియమ్స్‌కు ఉన్నాయన్న అంకెను వాదనలో వాడేవాళ్లు ఈ నేపథ్యాన్ని కూడా చెప్పవలసి ఉంటుంది.

తర్వాతి వాదన విజయాలది. డిమాజియో ఆడిన 13 సీజన్లలో యాంకీస్ 10 సార్లు లీగ్ గెలిచి, రెండు లీగ్‌ల విజేతల మధ్య జరిగే వరల్డ్ సిరీస్‌ను 9 సార్లు గెలిచారు. విలియమ్స్ ఒక్కసారే, 1946లో, వరల్డ్ సిరీస్ ఆడాడు. అందులో 25 ప్రయత్నాల్లో 5 హిట్లే కొట్టాడు, రెడ్ సాక్స్ ఏడో మ్యాచులో ఓడిపోయారు. 1949లో సీజన్ చివరి రెండు మ్యాచులు యాంకీ స్టేడియంలో ఉండగా ఒక్కటి గెలిస్తే లీగ్ దక్కే స్థితిలో రెండూ ఓడిపోయారు. డిమాజియో అభిమానులకు ఇది తిరుగులేని సాక్ష్యం. కానీ బేస్‌బాల్‌లో ఎంత గొప్ప బ్యాటర్ అయినా తొమ్మిది మందిలో ఒకడిగా తన వంతు వచ్చినప్పుడే ఆడగలడు. క్రికెట్‌లోలా ఒక చివర పాతుకుపోయి మ్యాచంతా తానే నడిపే వీలు లేదు. మ్యాచు మీద అందరికంటే ఎక్కువ ప్రభావం పిచర్‌ది. డిమాజియో వచ్చేనాటికి యాంకీస్‌లో లూ గెరిగ్, బిల్ డికీ, రెడ్ రఫింగ్ లాంటి మేటి ఆటగాళ్లు ఉన్నారు. చివరి రోజుల్లో యోగి బెర్రా, ఫిల్ రిజూటో ఉన్నారు. అతను తప్పుకున్న తర్వాత కూడా 1952లో, 1953లో యాంకీసే వరల్డ్ సిరీస్ గెలిచారు. ఇక ఒత్తిడిలో ఆడే విషయానికి వస్తే, వరల్డ్ సిరీస్‌లో 51 మ్యాచులు ఆడిన డిమాజియో సగటు 0.271, తన జీవితకాల సగటు 0.325 కంటే చాలా తక్కువ. దాన్ని బట్టి అతనికి ధైర్యం తక్కువని ఎవరూ అనరు, అనకూడదు కూడా. అదే న్యాయం ఏడు మ్యాచుల విలియమ్స్‌కు ఎందుకు వర్తించదు?

డిమాజియో పక్షాన నాకు బలంగా కనిపించే మొదటి వాదన మైదానానిది. యాంకీ స్టేడియంలో రైట్ ఫీల్డ్ గీత వెంబడి కంచె 296 అడుగుల దూరమే. ఎడమచేతి బ్యాటర్లకు అది వరం. కుడిచేతి బ్యాటర్ సహజంగా కొట్టే ఎడమ మధ్య భాగంలో కంచె 457 అడుగుల దూరం. ఇతర మైదానాల్లో ప్రేక్షకుల మధ్య పడే బంతులు అక్కడ ఫీల్డర్ చేతిలో పడేవి. ఫలితం అంకెల్లో స్పష్టంగా ఉంది. డిమాజియో సొంత మైదానంలో 148 హోమ్ రన్లు కొడితే, బయట 213 కొట్టాడు. విలియమ్స్ సగటుకు ఫెన్‌వే పార్క్ సాయం చేసింది. అక్కడ 0.361, బయట 0.328. బయటి మైదానాల సగటు ఒక్కటే చూస్తే డిమాజియో 0.333తో విలియమ్స్‌కంటే కాస్త పైనే ఉన్నాడు. అయితే ఫెన్‌వే విలియమ్స్‌కు హోమ్ రన్లలో సాయం చేయలేదు. ఎడమ వైపున ఉన్న ఎత్తైన గోడ దగ్గరలోనే ఉంటుంది, అది కుడిచేతి బ్యాటర్లకు అనుకూలం. కుడి వైపు చాలా దూరం. అతను కూడా బయటే ఎక్కువ కొట్టాడు, 273, సొంత మైదానంలో 248. 1947లో ఈ ఇద్దరినీ పరస్పరం మార్చుకోవాలని రెండు జట్ల యజమానులు ఒక రాత్రి అనుకుని, తెల్లవారాక విరమించుకున్నారన్న కథ ప్రచారంలో ఉంది. కథ ఎంతవరకు నిజమైనా అందులోని తర్కం సరైనదే. ఇద్దరూ తమ తమ చేతివాటానికి సరిపడని మైదానాల్లో ఆడారు, నష్టం డిమాజియోకు ఎక్కువ. కానీ బయటి మైదానాల్లోనూ వాక్‌లను కలిపి చూస్తే విలియమ్స్ ముందుకు వెళ్లిపోతాడు. జీవితకాలంలో బేస్ చేరిన నిష్పత్తి విలియమ్స్‌ది 0.482, బేస్‌బాల్ చరిత్రలోనే అత్యధికం. డిమాజియోది 0.398. ఈ దూరాన్ని మైదానం పూడ్చలేదు.

యుద్ధం ఇద్దరినుంచీ 1943, 1944, 1945 సీజన్లను తీసుకుపోయింది. డిమాజియోకు అవి 28 నుంచి 30 ఏళ్ల వయసు, విలియమ్స్‌కు 24 నుంచి 26. విలియమ్స్‌ను అక్కడితో వదల్లేదు. మెరైన్ పైలట్‌గా 1952లో మళ్లీ కొరియాకు పిలిచారు. అక్కడ 39 యుద్ధ యాత్రల్లో పాల్గొన్నాడు. 1953 ఫిబ్రవరిలో కాల్పులు తగిలి మంటలంటుకున్న జెట్ విమానాన్ని చక్రాలు తెరుచుకోకుండానే రన్‌వే మీద ఈడ్చుకుంటూ దించి ప్రాణాలతో బయటపడ్డాడు. ఆ రెండు సీజన్లలో ఆడింది 43 మ్యాచులే. యుద్ధానికి ముందూ తర్వాతా కొట్టిన హోమ్ రన్ల సగటును కోల్పోయిన సీజన్లకు ఆపాదిస్తే, డిమాజియో 361 నుంచి 430 దాకా వెళతాడు, విలియమ్స్ 521 నుంచి 675 దాటతాడు. ఊహాజనితమైన లెక్కే అయినా, జరిగిన నష్టం పరిమాణం తెలుస్తుంది. కోల్పోయిన కాలం పోగా మిగిలిన దానిలో కూడా విలియమ్స్ 2,292 మ్యాచులు ఆడాడు. 1957లో, 39వ ఏట అడుగుపెడుతూ, 0.388 సగటు సాధించాడు. మడమ, భుజం, మోకాళ్ల గాయాలతో నలిగిన డిమాజియో 1,736 మ్యాచుల తర్వాత 37 ఏళ్ల వయసులో విరమించాడు. 1949లో మడమ నొప్పితో మొదటి 65 మ్యాచులకు దూరమై, తిరిగి వచ్చిన తొలి మూడు మ్యాచుల్లోనే, అదీ ఫెన్‌వే పార్క్‌లో, నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. ఆ మూడు రోజులు ఎవరి అభిమానులైనా చేతులెత్తి మొక్కవలసినవే.

ఇద్దరికీ సమానంగా వర్తించే ఒక పరిమితిని కూడా ఇక్కడ చెప్పాలి. 1947లో జాకీ రాబిన్‌సన్ వచ్చేదాకా నల్లజాతి ఆటగాళ్లకు ఈ లీగ్‌లలో ప్రవేశం లేదు. డిమాజియో అత్యుత్తమ సంవత్సరాలన్నీ, విలియమ్స్ 0.406 కూడా ఆ వివక్ష కాలానివే. రెడ్ సాక్స్ అయితే 1959 దాకా ఒక్క నల్లజాతి ఆటగాడినీ తీసుకోలేదు. 2024లో, నల్లజాతి ఆటగాళ్లు వేరుగా ఆడిన నీగ్రో లీగ్‌ల గణాంకాలను మేజర్ లీగ్ రికార్డుల్లో చేర్చాక, 1943లో జాష్ గిబ్సన్ సాధించిన 0.466 అధికారికంగా లెక్కలోకి వచ్చింది. కాబట్టి 0.400 దాటిన చివరి వ్యక్తి విలియమ్స్ అన్న మాటకు ఇప్పుడు పూర్వపు అర్థం లేదు. ఈ విషయంలో విలియమ్స్ ప్రవర్తనను నేను గౌరవిస్తాను. 1966లో హాల్ ఆఫ్ ఫేమ్ వేదిక మీద తన గురించి మాట్లాడుతూనే, అవకాశం దొరకని సాచెల్ పేజ్‌కు, జాష్ గిబ్సన్‌కు కూడా ఏదో ఒక రోజు అక్కడ చోటు దక్కాలని కోరాడు. పేజ్‌కు 1971లో, గిబ్సన్‌కు 1972లో దక్కింది.

ఇక మిగిలింది ఫీల్డింగ్. డిమాజియో పక్షాన అన్నిటికంటే గట్టి వాదన ఇదే. సెంటర్ ఫీల్డర్ కాపలా కాయవలసిన నేల చాలా ఎక్కువ, అందులోనూ యాంకీ స్టేడియంలో. బంతి బ్యాటును తాకిన చప్పుడుకే అతను కదిలేవాడని, పరుగెత్తి ఆయాసపడి పట్టినట్టు కాక ముందే అక్కడ నిలబడి ఉన్నట్టు కనిపించేవాడని చూసినవాళ్లు ఏకగ్రీవంగా చెప్పారు. బేస్‌ల మధ్య పరుగులోనూ అతని అంచనా తప్పేది కాదని సహచరుల సాక్ష్యం. విలియమ్స్ లెఫ్ట్ ఫీల్డర్, అందులోనూ ఆసక్తి తక్కువగా చూపిన ఫీల్డర్. తాను చూసిన ఆటగాళ్లలో అన్ని విభాగాల్లోనూ డిమాజియోయే అత్యుత్తముడని విలియమ్స్ స్వయంగా పలుమార్లు అన్నాడు.

ఇవన్నీ కలిపి ఒక అంకెగా చెప్పే ప్రయత్నమే వార్ అనే కొలత. మామూలు ప్రత్యామ్నాయ ఆటగాడికి బదులు ఇతను ఉండటం వల్ల జట్టుకు అదనంగా ఎన్ని విజయాలు వచ్చాయో, బ్యాటింగ్, ఫీల్డింగ్, ఆడిన స్థానం, మైదానం అన్నీ లెక్కలోకి తీసుకుని అది అంచనా వేస్తుంది. జీవితకాలానికి విలియమ్స్‌ది 120కి పైన, డిమాజియోది 80కి కాస్త కింద. తేడా 40 విజయాలకు పైమాటే. ఇక్కడితో వాదన ముగిసిందని చాలామంది ఆగిపోతారు. కానీ ఆ తేడాలో పెద్ద భాగం ఆడిన మ్యాచుల సంఖ్య నుంచి వచ్చినది. ఒక పూర్తి సీజన్ అయిన 154 మ్యాచులకు సరిచేసి చూస్తే విలియమ్స్‌కు 8 పైచిలుకు, డిమాజియోకు 7 దగ్గర. తేడా సీజన్‌కు ఒకటింబావు విజయం కూడా కాదు. అది కూడా 42 ఏళ్ల దాకా ఆడిన విలియమ్స్ చివరి సీజన్లన్నిటినీ కలుపుకుని.

జీవితకాలపు కృషిని తూచినప్పుడు నాకు విలియమ్స్ గురించి సందేహం లేదు. ఎక్కువ కాలం, ఎక్కువ స్థాయిలో, ఎక్కువ కోల్పోయి కూడా ఎక్కువ చేశాడు. ఇద్దరూ ఆరోగ్యంగా ఉన్న ఒక్క సీజన్‌కు ఒకరినే ఎంచుకోమంటే కూడా విలియమ్స్‌నే ఎంచుకుంటాను గానీ, అక్కడ నా నమ్మకం అంత గట్టిది కాదు. కారణం ఆ ఒకటింబావు విజయమే. పది పరుగులు సుమారు ఒక విజయంతో సమానమని గణాంక నిపుణుల లెక్క. అంటే సీజన్‌కు పన్నెండు పరుగుల తేడా. హిట్ కావలసిన బంతిని సెంటర్ ఫీల్డర్ పట్టుకుంటే జట్టుకు సుమారు ముప్పావు పరుగు మిగులుతుంది. కాబట్టి నేటి అంచనాలు గుర్తించినదానికంటే సీజన్‌కు పదిహేను పదహారు క్యాచులు, అంటే పది మ్యాచులకు ఒకటి చొప్పున, డిమాజియో అదనంగా పట్టి ఉంటే ఆ తేడా పూర్తిగా చెరిగిపోతుంది. నేడు ప్రతి బంతి వేగాన్నీ ప్రతి ఫీల్డర్ అడుగునూ కెమెరాలు కొలుస్తున్నాయి. 1930లు, 1940ల ఫీల్డింగ్ విలువలను మాత్రం స్కోర్‌కార్డుల్లో మిగిలిన క్యాచుల సంఖ్య నుంచి, పొరపాట్ల సంఖ్య నుంచి వెనక్కి లెక్కగడుతున్నారు. ఆ పద్ధతిలో సీజన్‌కు పదిహేను క్యాచుల తప్పు దొర్లడం అసాధ్యమేమీ కాదు.